‘అస్తూరియాస్’ సాధన: శ్రుతి కుడిచేతిలో, పాట ఎడమచేతిలో

గ్రేడు పరీక్షలు ఏడో ఎనిమిదో దాకా పూర్తిచేసి, "మేడమ్, ఇంక ఏదైనా పెద్దది చెప్పండి" అని అడిగే పిల్లల కోసం ఇది రాస్తున్నాను. విజయనగరంలో మా ఇంటి ముందుగదిలో పియానో చెబుతాను. ఆ మాట ఎవరి నోట విన్నా నేను తీసి చేతిలో పెట్టేది స్పెయిన్ స్వరకర్త ఇసాక్ అల్బేనిస్ రాసిన ‘అస్తూరియాస్’. ఆరేడు నిమిషాల రచన. దూరం నుంచి వింటే ఇద్దరు కూర్చుని వాయిస్తున్నారా అనిపిస్తుంది. కష్టమంతా వేళ్ల వేగంలోనే ఉందనుకుని మొదలుపెట్టినవాళ్లు రెండో పేజీకే మోచేతులు నొక్కుకుంటూ లేచిపోతారు. అసలు కష్టం కుడిచేతిని అణిచి ఉంచడం. ఎడమచేయి పాడుతున్నంతసేపూ కుడిచేయి శ్రుతి పట్టాలి, అంతకుమించి నోరెత్తకూడదు. ఈ సంగతి చెవికెక్కితే మిగతాదంతా ఓపికతో వస్తుంది.

ముందు కాగితాల సంగతి. ఇది గిటారు కోసం పుట్టిందని చాలామంది అనుకుంటారు. కాదు, పియానో కోసమే పుట్టింది. 1892లో బార్సిలోనాలో అచ్చయినప్పుడు దీని పేరు ‘ప్రెలూడ్’ మాత్రమే. ‘షాం దెస్పాన్య్’ (స్పెయిన్ పాటలు) అనే ఓపస్ 232 సంపుటిలో మొదటి భాగం. ఓపస్ అంటే రచనల వరుస సంఖ్య. అల్బేనిస్ 1909లో చనిపోయాడు. 1911లో హోఫ్‌మైస్టర్ అనే జర్మన్ ప్రచురణ సంస్థ దీన్ని తెచ్చి ‘స్వీట్ ఎస్పాన్యోలా’ (స్పెయిన్ రచనల గుచ్ఛం) ఓపస్ 47లో కలిపి, ‘అస్తూరియాస్’ అనే పేరుతో అచ్చువేసింది. 1886 నాటి ఆ స్వీట్‌లో ఎనిమిది పేర్లు ప్రకటించి, అల్బేనిస్ నాలుగింటికే సంగీతం రాశాడు. మిగిలిన నాలుగు పేర్ల కింద ఆయనవే వేరే రచనలు పెట్టారు. కాబట్టి వెతికేటప్పుడు రెండు పేర్లతోనూ, రెండు ఓపస్ నంబర్లతోనూ వెతకండి. స్వరాలు అవే. హక్కుల కాలం ఎప్పుడో ముగిసింది కాబట్టి సంగీతపు కాగితాలు దొరికే ఐఎమ్‌ఎస్‌ఎల్‌పీ సైటులో పాత ముద్రణ ఉచితంగా దొరుకుతుంది.

అస్తూరియాస్ స్పెయిన్‌కు ఉత్తరపు కొసన, సముద్రం పక్కనున్న పచ్చని కొండల ప్రాంతం. ఈ రచనలో వినిపించేది దక్షిణాన ఉన్న అండలూసియా. అక్కడి పాట, నాట్యం, గిటారు కలిసిన సంప్రదాయం ఫ్లమెంకో. ఫ్లమెంకో గిటారు, ఫ్లమెంకో గొంతు, ఫ్లమెంకో పాదాలు. పేరు చూసి కొండల మంచునీ పల్లె ప్రశాంతతనీ ఊహించుకుంటూ వాయిస్తే మొదటి పేజీ పొగమంచులాగే తయారవుతుంది. అక్కడ ఉండాల్సింది పొడి నేల, చెక్క అరుగు, దాని మీద మడమ దెబ్బ.

ఇంకో జాగ్రత్త. ఇంటర్నెట్టులో ‘సులభ రూపం’ అని దొరికేవి చాలావరకు గిటారు ప్రతి నుంచి తిరిగి పియానోకి మార్చినవి. గిటారు వాళ్లు దీన్ని ఇ మైనర్‌లో వాయిస్తారు, వాళ్లకు ఖాళీగా మోగే బి తీగ శ్రుతి అవుతుంది. స్పెయిన్ గిటారిస్టు ఆంద్రేస్ సెగోవియా చేతుల మీదుగా ఆ రూపమే లోకమంతా పాకింది. పియానో మూలం జి మైనర్, శ్రుతి డి. మొదటి పేజీలో మళ్లీ మళ్లీ మోగే స్వరం డి కాకపోతే ఆ కాగితం పక్కన పెట్టేయండి.

వాయిద్యం

61 మెట్ల కీబోర్డు మీద ఈ రచన కుదరదు. రెండు చేతులూ రెండు చివరలకీ వెళ్లి వస్తాయి కాబట్టి మెట్లు చాలవు. బరువు లేని మెట్ల మీద ఈ రచన కోరే దెబ్బ కూడా పలకదు. 88 మెట్లు, వెయిటెడ్ కీస్, నిజమైన సస్టైన్ పెడల్ ఉన్న డిజిటల్ పియానో చాలు. కొనేముందు దుకాణంలో ఒక పరీక్ష చేయండి. ఒకే మెట్టుని, పూర్తిగా పైకి రానివ్వకుండా సగం లేచాక మళ్లీ నొక్కి, స్వరం పలుకుతుందో లేదో చూడండి. పియానోలు చేసే ఎరార్ 1821లో తెచ్చిన యంత్రాంగం వల్ల గ్రాండ్ పియానోలో ఇది సాధ్యం. గోడకి ఆనించి ఉండే అప్‌రైట్ పియానోలో మెట్టు ఇంకా పైకి రావాలి. మంచి డిజిటల్ పియానోలో మూడు సెన్సర్లుంటాయి, అవి గ్రాండ్‌ని బాగానే అనుకరిస్తాయి. శ్రుతి స్వరం వందలసార్లు మోగే రచన ఇది. మెట్టు సహకరించకపోతే తప్పు మీ చేతిదని మీరే దిగులుపడతారు.

చర్చిలోనో, పాత బంగళాలోనో అప్‌రైట్ దొరికిన అదృష్టవంతులకు మన తీరం గాలితో పేచీ తప్పదు. భీమునిపట్నం, కళింగపట్నం వైపు నుంచి వచ్చే ఉప్పు తేమకు లోపలి ఫెల్ట్ ఉబ్బుతుంది, తీగలకు తుప్పు పడుతుంది, మెట్లు కిందికెళ్లి లేవవు. గోడకి జానెడు దూరం జరపండి, కిటికీ పక్కన ఉంచకండి, వానాకాలమంతా మూత వేసి పైన మందపాటి దుప్పటి కప్పండి. శ్రుతి చేసే మనిషిని విశాఖ నుంచో ఇంకా దూరం నుంచో రప్పించాలి కాబట్టి, ఈ రచన మొదలుపెట్టే ముందే ఆ పని చేయించుకోండి. మధ్యలో ఉన్న ఆ ఒక్క డి శ్రుతి తప్పితే రచన మొత్తం శ్రుతి తప్పినట్టే.

హెడ్‌ఫోన్లు వాడండి. మా పక్కింటి పిన్ని ఒక రోజు గోడ మీదుగా అడిగింది: "ఏటమ్మా, పొద్దుగూకినకాడ్నించీ ఒకటే గంట కొడతన్నారు?" ఆవిడ విన్నది సరిగ్గా ఆ డి స్వరాన్నే. పాట ఆవిడ దాకా చేరలేదు. మా పిల్లవాడికి అంతకన్నా సూటైన పరీక్ష నేను పెట్టలేను. పిన్నికి పాట వినిపించిన రోజున మొదటి పేజీ వచ్చినట్టు లెక్క అని చెప్పాను.

మెట్లు ముట్టకముందు చెవి

శ్రుతిపెట్టె గానీ ఫోన్లో తంబురా గానీ రెండు శ్రుతి మీద పెట్టండి. మన లెక్కలో రెండంటే డి. కళ్లు మూసుకుని కాసేపు వినండి. ఇప్పుడు ఆ డి ని షడ్జమంగా పట్టుకుని తోడి స్వరాలు పాడండి. శుద్ధ రిషభం, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. పాశ్చాత్యులు ఫ్రిజియన్ అని పిలిచే మోడ్ ఇదే. తర్వాత సాధారణ గాంధారం వదిలి అంతర గాంధారం పెట్టండి, వకుళాభరణం వస్తుంది. ఈ రెండింటి మధ్య తిరగడమే అండలూసియా సంగీతపు రంగు. కాగితం మీద జి మైనర్ అని ఉన్నా చెవి పదే పదే డి దగ్గరికే ఇంటికి చేరుతుంది. మన భాషలో ఇది గ్రహభేదం. నఠభైరవి పంచమాన్ని షడ్జమం చేస్తే తోడి, కీరవాణి పంచమాన్ని చేస్తే వకుళాభరణం. అల్బేనిస్‌కి ఈ పేర్లు తెలియవు, తెలియాల్సిన అవసరమూ లేదు. మీకు తెలుసు కాబట్టి వాడుకోండి. నా దగ్గరికి కర్ణాటక వయొలిన్ చేసి వచ్చిన పిల్లలు ఈ రచన స్వరాలను కీబోర్డు పిల్లలకన్నా ముందు బట్టీపట్టేస్తారు, కారణం ఇదే.

మన ఊరు ఈ పనికి అనువైన ఊరు. 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్‌గా, ద్వారం వేంకటస్వామి నాయుడు గారు వయొలిన్ ఆచార్యులుగా పాఠాలు చెప్పిన చోటు. పడమటి నుంచి వచ్చిన వాయిద్యం మీద మన రాగం పలికించడం ద్వారం వారి పని. మన చెవితో వాళ్ల రచనలోకి వెళ్లడం మన పని. రెండింటికీ కావలసింది శ్రుతిజ్ఞానమే.

వినాల్సినవి కూడా చెబుతాను. పియానో మీద అలీసియా ద లరోచా వినండి. బార్సిలోనాలో 1923లో పుట్టిన మనిషి, అల్బేనిస్ సంగీతానికి జీవితమంతా అంకితం చేసింది. తర్వాత పియానో కట్టేసి, కమరోన్ ద లా ఇస్లా పాడగా పాకో ద లూసియా గిటారు వాయించిన బులేరియాలు వినండి. బులేరియా 12 మాత్రల చుట్టు. ఒత్తిళ్లు తరచుగా 12, 3, 6, 8, 10 మీద పడతాయి. అంటే మూడు, మూడు, రెండు, రెండు, రెండు. తొడ మీద చరుస్తూ అది తప్పకుండా చుట్టు తిరిగేదాకా వినండి. మన రచన మూడు మాత్రల్లోనే రాసి ఉంది, ఈ ఒత్తిళ్లను దానిమీద బలవంతంగా రుద్దకండి. ఒళ్లు ఆ నడకను ఎరిగి ఉంటే చాలు. సిరిమానోత్సవం రోజుల్లో ఎక్కడైనా తప్పెటగుళ్ల బృందం ఆడుతుంటే దగ్గరికి వెళ్లి నిలబడి కాళ్ల వైపు చూడండి. రొమ్ము మీద తప్పెట, కాళ్లకు గజ్జెలు, అంత గంతులోనూ పాట మాట స్పష్టంగా వినిపిస్తుంది. మొదటి పేజీలో మీరు సాధించాల్సింది అదే.

తకదిమి

మొదటి భాగమంతా పదహారో వంతు స్వరాల వరుస. ముందు పేజీల్లో రెండు చేతులూ ఒకదాని తర్వాత ఒకటి, ఎప్పుడూ కలిసి కాదు. మూడు మాత్రలు, మాత్రకు నాలుగు. రూపకం వేసినట్టు రెండు దెబ్బలు, ఒక విసురు వేస్తూ నోటితో తకదిమి తకదిమి తకదిమి అనండి. ‘త’, ‘ది’ ఎడమచేతివి, అవి పాట. ‘క’, ‘మి’ కుడిచేతివి, అవి డి. మెట్ల మీద చేయి పెట్టకుండానే బల్ల మీద ఇలా కొట్టండి. ఎడమచేతి దెబ్బ వినిపించాలి, కుడిచేతిది తాకినట్టు మాత్రమే ఉండాలి. ‘త’ని గట్టిగా, ‘క’ని గుసగుసగా పలుకుతూ కొడితే చెయ్యి నోటిని అనుసరిస్తుంది. ఇది నేను ఏ పుస్తకంలోనూ చూడలేదు, కానీ మన పిల్లలకు ఇంతకన్నా త్వరగా పట్టుబడే దారి నాకు తెలియదు.

ఇప్పుడు పియానో మీదికి. ముందు ఎడమచేయి ఒక్కటే, పూర్తి పాటగా, నెమ్మదిగా, గొంతుతో పాడుతూ వాయించండి. పాట ఎక్కడ ఊపిరి తీసుకుంటుందో పెన్సిలుతో గుర్తుపెట్టుకోండి. ఇది పూర్తయ్యేదాకా కుడిచేయి ఒడిలోనే ఉండాలి. చాలామంది ఈ మెట్టు దాటేస్తారు, ఎందుకంటే విడిగా చూస్తే ఎడమచేతి భాగం తేలిక. తేలిక కాబట్టే దాన్ని పాటగా వినరు, తర్వాత రెండు చేతులూ కలిసినప్పుడు అది సద్దులో మునిగిపోతుంది.

తర్వాత కుడిచేయి. రెండో వేలుకు బొటనవేలు ఆనించి, ఆ జంటతో డి ని మెట్టు పైభాగం దగ్గరే పలికించండి. వేలు మెట్టుని వదిలి గాల్లోకి లేవకూడదు. ప్రతిసారీ వేలు మార్చమని చెప్పే గురువులున్నారు. పునరావృత స్వరాలకు అది మంచి పద్ధతే, కానీ ఇక్కడ ప్రతి రెండు డి ల మధ్య ఎడమచేతి స్వరం ఒకటి పడుతుంది కాబట్టి వేలికి తీరిక దొరుకుతుంది. వేలు మార్చకపోతేనే ధ్వని సమంగా వస్తుందని నా అనుభవం. రెండు చేతులూ ఇరుకు చోటులో ఉంటాయి కాబట్టి కుడిచేతిని మెట్ల లోపలి వైపుకి, నల్లమెట్ల మధ్యకి జరపండి. ఎడమచేయి అంచు దగ్గర ఉంటుంది. మణికట్లు తాకుకోవు.

మెట్రోనోమ్ (మాత్రలు కొట్టే యంత్రం) 60 దగ్గర, అంటే నిమిషానికి 60 మాత్రల దగ్గర మొదలుపెట్టండి. 60 దగ్గర పిన్నికి పాట వినిపించకపోతే 100 దగ్గర అస్సలు వినిపించదు. నాలుగేసి అంకెలు పెంచుతూ వెళ్లండి. పెంచిన ప్రతిసారీ ముందు కుడిచేతి బలం తగ్గించి, తర్వాత వేగం పెంచండి. అల్బేనిస్ ‘అల్లెగ్రో మా నొన్ త్రొప్పొ’ అన్నాడు, వేగంగానే కానీ మితిమీరకుండా. 112 నుంచి 120 మధ్య ఎక్కడ మీ చేయి నిశ్చలంగా ఉంటే అక్కడ ఆగండి. రికార్డింగుల్లో ఇంకా పరుగెత్తినవాళ్లున్నారు. నాకు ఆ పరుగులో గిటారు వినిపించదు.

పెడల్ మాట: ఈ భాగంలో దాదాపు వద్దు. గిటారు తీగని మీటగానే ధ్వని ఆరిపోవడం మొదలవుతుంది, మన సస్టైన్ పెడల్ దాన్ని ఆరనివ్వదు. కాలు పెడల్ మీద ఉంచి అలవాటున్నవాళ్లు సాధన సమయంలో కాలిని వెనక్కి, కుర్చీ కిందికి పెట్టుకోండి.

దూకుళ్లు

కొంతదూరం పోయాక ధ్వని నిండుతుంది, చివరికి ప్రతి గతి (మూడు మాత్రల బార్) మొదటి మాత్ర మీదా రెండు చేతులకూ పెద్ద స్వరాల గుచ్ఛం (కార్డ్) పడుతుంది, ఫోర్టిస్సిమో, అంటే చాలా గట్టిగా. గిటారిస్టు అన్ని తీగలనూ ఒక్కసారి గోళ్లతో దువ్వినట్టు. పలికించి వెంటనే చేతులు మళ్లీ మధ్యకి, శ్రుతి దగ్గరికి రావాలి. తప్పు స్వరాలన్నీ ఇక్కడే పడతాయి. ఎక్కువ సమయం ఇక్కడే పెట్టండి. ఈ రచనకు రోజూ గంట కేటాయిస్తే నలభై నిమిషాలు ఈ రెండు పేజీలకే ఇవ్వండి.

మొదట దూకడం మాత్రమే. ముందున్న స్వరం వాయించి, చేతులు గుచ్ఛం మీదికి చేర్చి, మెట్లను తాకి, వాయించకుండా ఆగండి. అన్ని వేళ్లూ సరైన మెట్ల మీద ఉన్నాయా చూసుకోండి. ఉంటే అప్పుడు నొక్కండి. ఈ ‘తాకి ఆగడం’ విసుగ్గా ఉంటుంది, అయినా దీన్ని వదిలిపెట్టకండి. చేతికి దూరం తెలిసేది ఆ ఆగిన క్షణంలోనే. అది కుదిరాక తాకడానికీ నొక్కడానికీ మధ్య వ్యవధి తగ్గించుకుంటూ వస్తే చివరికి రెండూ ఒకటవుతాయి.

తర్వాత తిరుగు ప్రయాణం. గుచ్ఛం వాయించి దాని తర్వాతి స్వరం దాకా మాత్రమే. వెళ్లడంకన్నా రావడమే కష్టం, ఎందుకంటే పెద్ద ధ్వని వచ్చాక చేయి అక్కడే ఉండి ఆనందించాలనుకుంటుంది. గుచ్ఛం పలికిన క్షణమే చేయి బయల్దేరాలి. ఆ మోతను పట్టి ఉంచడానికి ఇక్కడ పెడల్ పొట్టిగా, ఒక్క మాత్రలోపే వాడుకోండి. శ్రుతి స్వరాలు మొదలయ్యేసరికి కాలు లేచిపోవాలి.

కళ్లు ఎక్కడ పెట్టాలి? రెండు చేతులూ ఒకేసారి ఎదురు దిక్కులకు వెళ్తాయి, రెంటినీ చూడలేరు. ఏ చేయి ఎక్కువ దూరం వెళ్తుందో దాన్ని చూడండి, రెండోది చూడకుండా వెళ్లగలిగేలా విడిగా కళ్లు మూసుకుని సాధన చేయండి. ఏ గతిలో ఏ చేయి చూడాలో కాగితం మీద చిన్న బాణం గుర్తు వేసుకోండి. పరీక్ష గదిలో కంగారుపడినప్పుడు ఆ బాణాలే దారి చూపుతాయి.

బలం గురించి. పై నుంచి కొట్టకండి. బావిలోకి చేద దించేటప్పుడు తాడు వదిలితే బరువు తానే దిగుతుంది, మనం తోయం. భుజం నుంచి చెయ్యి బరువు అలా వదలండి. మెట్టు అడుగు తాకగానే మణికట్టు వదులవ్వాలి. ముంజేతిలో మంట మొదలైతే ఆ రోజుకి ఆపేయండి. నొప్పి మీద సాధన చేసిన చేయి మర్నాడు కూడా నొప్పినే గుర్తుపెట్టుకుంటుంది. చిన్న చేతులున్న పిల్లలు లోపలి స్వరం ఒకటి వదిలేయవచ్చు. కింది స్వరమూ పై స్వరమూ మాత్రం ఉండి తీరాలి. గిటారు దువ్వినట్టుంటుందని గుచ్ఛాన్ని విడదీసి జారుగా వాయిస్తారు కొందరు, వినడానికి బాగానే ఉంటుంది కానీ తిరిగి రావడానికి సమయం మిగలదు. నేను ఒప్పుకోను.

పాడే భాగం

మధ్యలో రచన నెమ్మదిస్తుంది. ఇది కోప్లా, అంటే ఫ్లమెంకో గాయకుడు పాడే చరణం. అల్బేనిస్ దీన్ని ఒకే ఒక పాట గీతగా రాసి, రెండు చేతులకూ రెండు స్థాయిల దూరంలో అదే గీత ఇచ్చాడు. కింద ఒక గొంతు, పైన అదే గొంతు, మధ్యలో ఖాళీ. మధ్యమధ్య మెల్లగా గుచ్ఛాలు జవాబిస్తాయి, గిటారిస్టు గాయకుడికి ఊతమిచ్చినట్టు.

చూడడానికి ఖాళీగా ఉన్న ఈ పేజీ నిజానికి రచనలోకెల్లా కష్టమైనది. వేగం దాచిపెట్టే లోపాలన్నీ ఇక్కడ బయటపడతాయి. రెండు చేతులూ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకేసారి పలకాలి. చిన్న చిన్న అలంకార స్వరాల దగ్గర ఒక చేయి ముందూ ఒక చేయి వెనకా పడితే అందరికీ తెలిసిపోతుంది. అలంకారాలు తీసేసి ముందు ఒట్టి పాట కుదర్చండి. తర్వాత ఒక్కో అలంకారాన్ని చాలా నెమ్మదిగా, రెండు చేతులతోనూ, లెక్క పెట్టుకుని చేర్చండి. కింది చేయి ఒక పాలు బరువుగా, పై చేయి ఒక పాలు తేలికగా ఉంటే రెండూ కలిసి ఒకే గొంతవుతాయి. తిరగేస్తే పైదే వినిపించి, కిందిది నీడలా మిగిలిపోతుంది.

మెట్రోనోమ్ ఆపేయండి. ఇక్కడ తాళం లేని ఆలాపన పద్ధతి కావాలి. పాట గీతని నోటితో పాడి, మీకు ఊపిరి ఎక్కడ అయిపోతుందో అక్కడ చేయి కూడా ఆగాలి. కాగితం మీద విరామ గుర్తున్నచోట, మీకు సరిపోయిందనిపించాక ఇంకొంచెం ఆగండి. మన పిల్లలు నిశ్శబ్దానికి భయపడి ముందుకు దూకేస్తారు.

పియానో మీద గమకం రాదు. తోడి పాడే పిల్లలకు ఇది బాధగా ఉంటుంది, రిషభాన్ని ఊపలేం కదా అంటారు. ఊపలేం, కానీ బరువు పెట్టగలం. ఇ-ఫ్లాట్ నుంచి డి కి దిగే చోటల్లా ఇ-ఫ్లాట్ మీద ఆనుకుని, డి ని దానిలోంచి జారినట్టు మెత్తగా వదలండి. రెండు స్వరాలూ ఒకే బలంతో పలికితే అది స్వరపాఠం, మొదటిది బరువై రెండోది తేలికైతే అది ఏడుపు. ఫ్లమెంకో గాయకుడి గొంతులో వినిపించే జీర పియానోకు తెచ్చే దారి ఇదొక్కటే. సరళిస్వరాల్లా వాయించవద్దు, దయచేసి. ఇక్కడ పెడల్ కావాలి, కానీ ప్రతి ముఖ్య స్వరానికీ మార్చాలి. ఇ-ఫ్లాట్, డి రెండూ ఒకే పెడల్‌లో కలిసి మోగితే ఆ దిగడం వినిపించదు.

కోప్లా మధ్యలో చిన్న మలగేన్యా ముక్క వస్తుంది, అది నాట్యం. పాటలోని రెండు తునకలనే తీసుకుని మూడు మాత్రల మీద ఆడిస్తాడు. ఇక్కడ తాళం తిరిగి రావాలి, తేలికగా. మళ్లీ పాట, మళ్లీ గిటారు.

తిరిగి రావడం, ముగింపు

మొదటి భాగం తిరిగి వచ్చినప్పుడు కొత్తగా నేర్చుకునేది పెద్దగా లేదు. కానీ పాడే భాగం తర్వాత చేతులు చల్లబడి ఉంటాయి, వేగం కూడా మరచిపోతారు. దీనికోసం కోప్లా చివరి రెండు వరుసల నుంచి మొదలుపెట్టి తిరుగు భాగంలోకి వెళ్లడం విడిగా సాధన చేయండి. కుర్చీలో కూర్చున్నప్పుడల్లా మొదటి పేజీ నుంచే ఎత్తుకునే అలవాటున్నవాళ్లకు ఈ కూడలి ఎప్పటికీ కుదరదు.

చివర్లో నెమ్మదైన, చర్చి కీర్తన వంటి గుచ్ఛాల వరుస వస్తుంది. శ్రీకాకుళం, బొబ్బిలి, పాలకొండ వైపు బాప్టిస్టు చర్చిల్లో నాలుగు గొంతుల కీర్తనలు పాడి పెరిగిన పిల్లలు దీన్ని నాకన్నా బాగా వాయిస్తారు. పై గొంతు స్పష్టంగా, మధ్య గొంతులు వెనక, కింది గొంతు ఆధారంగా. అన్ని వేళ్లూ ఒకేసారి దిగాలి, ఒకేసారి లేవాలి. అంత హోరు తర్వాత ఇది వచ్చింది కదా అని ఇక్కడ కొత్త భావమేదో పులమకండి. కాలం తూకం తప్పకుండా వాయిస్తే చాలు, బరువు దానంతటదే వస్తుంది.

వేదిక మీద వాయించబోయేవాళ్లు ఫోన్లో రికార్డు చేసుకుని, ఫోను పక్క గదిలో పెట్టి తలుపు దగ్గరగా వేసి వినండి. తలుపు అవతల నుంచి పాట వినిపిస్తే సిద్ధం. డి మాత్రమే వినిపిస్తే మళ్లీ 60. కొత్త పియానో మీద వాయించాల్సి వస్తే, ముందుగా వెళ్లి ఆ ఒక్క డి మెట్టు ఎంత లోతు దిగుతోందో, ఎంత త్వరగా లేస్తోందో చూసుకోండి. దాన్నిబట్టి వేగం నిర్ణయించుకోండి, ఇంట్లో కుదిరిన అంకెను పట్టుకుని వేలాడకండి.

దీని తర్వాత ఏమిటంటే, అల్బేనిస్ 1905 నుంచి 1908 మధ్య రాసిన ‘ఇబేరియా’ ఉంది. పన్నెండు రచనలు, అన్నీ దీనికన్నా చాలా కష్టం. మూడో పుస్తకంలోని ‘ఎల్ అల్బాయ్‌సిన్’ కూడా ఇలాగే రెండు చేతులూ మార్చిమార్చి గిటారు మీటినట్టు మొదలవుతుంది, బి-ఫ్లాట్ మైనర్‌లో. ‘అస్తూరియాస్’లో కుడిచేయి అణిగి ఉండడం నేర్చుకున్నవాళ్లకు ఆ మొదటి పేజీ చేతికి దొరుకుతుంది. ఆ కాగితాలు కూడా నా దగ్గర ఉన్నాయి, వచ్చి తీసుకెళ్లండి.